హోస్టింగ్‌లో ఏది ఎవరి పని? మీరే చెక్ చేసుకోవడం ఎలా

‘డబ్బులు కట్టాం కదా, అన్నీ వాళ్లే చూసుకుంటారు.’ హోస్టింగ్ (మన సైట్‌ని ఉంచి నడిపే సర్వర్‌ని అద్దెకివ్వడం) గురించి వచ్చే గొడవల్లో చాలావరకు ఈ ఒక్క నమ్మకం దగ్గరే మొదలవుతాయి. అన్‌లిమిటెడ్ ప్లాన్ తీసుకున్నా సైట్ ఎందుకు ఆగింది? బ్యాకప్ అడిగితే లేదంటున్నారేంటి? హోస్టింగ్ మార్చగానే మెయిల్స్ ఎందుకు ఆగిపోయాయి? అడిగేవాళ్లు మారుతున్నారు గానీ ప్రశ్నలు మారడం లేదు. అందుకే అన్నిటికీ ఒకేచోట రాస్తున్నాను.

ఇది షేర్డ్ హోస్టింగ్‌లోనో (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది) చిన్న వీపీఎస్‌లోనో (సర్వర్‌లో మీకంటూ విడిగా ఇచ్చే భాగం) సైట్ నడుపుకుంటున్నవాళ్ల కోసం. కోడింగ్ రాకపోయినా పర్వాలేదు. ఒక పూట తీరిక చేసుకుని కూర్చుంటే మొత్తం అయిపోతుంది. అంత టైమ్ కూడా లేదంటే 1వ, 4వ స్టెప్పులు ఈరోజే చేసేయండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. పోతే తిరిగి తెచ్చుకోలేనివి డొమైన్ (సైట్ పేరు), డేటా ఈ రెండే.

ముందుగా ఇవి దగ్గర పెట్టుకోండి

- నాలుగు లాగిన్లు: డొమైన్ కొన్నచోటిది, హోస్టింగ్ బిల్లింగ్ అకౌంట్‌ది, కంట్రోల్ ప్యానెల్‌ది (సీప్యానెల్, ప్లెస్క్ లాంటివి), సైట్ అడ్మిన్‌ది (వర్డ్‌ప్రెస్ లాంటివి). చాలామంది దగ్గర చివరిది ఒక్కటే ఉంటుంది. మిగతా మూడూ సైట్ చేసిపెట్టినవాళ్ల దగ్గరే ఉండిపోతాయి. ఉంటే ఇప్పుడే అడిగి తీసుకోండి, సంబంధాలు బాగున్నప్పుడే అడగడం తేలిక.
- బిల్లులు, రెన్యువల్ నోటీసులు ఏ మెయిల్ ఐడీకి వస్తున్నాయో ఆ ఇన్‌బాక్స్.
- వైఫైలో ఉన్న కంప్యూటర్ ఒకటి, మొబైల్ డేటా ఉన్న ఫోన్ ఒకటి. రెండూ వేర్వేరు కనెక్షన్లు కావడం ముఖ్యం.
- మీ ప్లాన్ తాలూకు నియమ నిబంధనల పేజీ. అమ్మకం పేజీ కాదు, కింద చిన్న అక్షరాల్లో లింక్ ఉంటుంది చూడండి, అది.
- రాసుకోవడానికి ఒక కాగితం.

1. డొమైన్, డీఎన్ఎస్, హోస్టింగ్, మెయిల్ ఎవరి దగ్గర ఉన్నాయో రాసుకోండి

ఈ నాలుగూ ఒకే కంపెనీ దగ్గర కొన్నా సరే, ఇవి నాలుగు వేర్వేరు సర్వీసులు. డీఎన్ఎస్ అంటే మీ డొమైన్ ఏ సర్వర్‌ని చూపించాలో చెప్పే పట్టిక. హోస్టింగ్‌కి డబ్బు కట్టినంత మాత్రాన డొమైన్ రెన్యువల్ అయిపోదు. ‘మొదటి ఏడాది డొమైన్ ఫ్రీ’ అని తీసుకున్నవాళ్లకి రెండో ఏడాది వచ్చే షాక్ ఇదే.

డొమైన్ పేర్ల వ్యవస్థని చూసే ఐక్యాన్ సంస్థ వెబ్‌సైట్‌లో డొమైన్ లుకప్ పేజీ ఉంది. అక్కడ మీ డొమైన్ పేరు కొడితే నాలుగు విషయాలు తెలుస్తాయి: రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) ఎవరు, గడువు తేదీ ఎప్పుడు, నేమ్‌సర్వర్లు (డీఎన్ఎస్ పట్టిక ఉండే సర్వర్లు) ఏవి, స్టేటస్ ఏంటి. ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి. నేమ్‌సర్వర్లు ఎవరివైతే మీ డీఎన్ఎస్ వాళ్ల దగ్గర ఉన్నట్టు. ఇక మెయిల్ ఎక్కడుందో తెలియాలంటే డీఎన్ఎస్ సెట్టింగుల్లో ఎంఎక్స్ రికార్డ్ చూడండి, అక్కడ ఎవరి సర్వర్ పేరు ఉంటే మెయిల్ వాళ్ల దగ్గరికే వెళ్తుంది.

స్టేటస్ దగ్గర ‘క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్’ అని కనిపిస్తే కంగారు పడకండి. ఎవరూ మీ డొమైన్‌ని దొంగచాటుగా మార్చుకుపోకుండా వేసిన తాళం అది. ‘క్లయింట్ హోల్డ్’ అనో ‘సర్వర్ హోల్డ్’ అనో ఉంటే మాత్రం డొమైన్ ఆగిపోయిందని అర్థం. అప్పుడు హోస్టింగ్ వాళ్లకి ఎంతసేపు ఫోన్ చేసినా లాభం లేదు, రిజిస్ట్రార్‌ని అడగాలి.

హోల్డ్ పడటానికి ఎవరికీ తట్టని కారణం ఒకటుంది. డాట్ కామ్ లాంటి డొమైన్ కొన్నప్పుడు, లేదా ఓనర్ వివరాలు మార్చినప్పుడు, మెయిల్ ఐడీ వెరిఫై చేయమని ఒక లింక్ వస్తుంది. 15 రోజుల్లోగా క్లిక్ చేయకపోతే డొమైన్‌ని ఆపే అధికారం రిజిస్ట్రార్‌కి ఉంది. ఆ మెయిల్ స్పామ్‌లో పడి ఉంటుంది, మీరేమో సైట్ డౌన్ అని హోస్టింగ్ వాళ్లతో పోట్లాడుతుంటారు.

గడువు దాటితే ఏమవుతుంది? డాట్ కామ్ లాంటి వాటికి నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, గడువు అయిపోయిన 5 రోజుల్లోపు ఇంకోసారి రిజిస్ట్రార్ గుర్తు చేయాలన్నది ఐక్యాన్ నియమం. ఆ తర్వాత మామూలు ధరకే రెన్యువల్ చేసుకునే వ్యవధి కొంత ఉంటుంది. అది రిజిస్ట్రార్‌ని బట్టి మారుతుంది, 45 రోజులకు మించదు. అదీ దాటితే 30 రోజుల రిడెంప్షన్ పీరియడ్ (డొమైన్‌ని విడిపించుకునే గడువు), ఇందులో అదనపు ఫీజు గట్టిగానే ఉంటుంది. తర్వాత 5 రోజులు పెండింగ్ డిలీట్ (తీసేయడానికి ముందు దశ). ఆపై ఎవరైనా కొనుక్కోవచ్చు. దేశాల డొమైన్లకు ఈ లెక్కలు వేరుగా ఉంటాయి.

జాగ్రత్త: ఎప్పుడూ పేరు వినని కంపెనీ నుంచి ‘మీ డొమైన్ గడువు ముగుస్తోంది, వెంటనే చెల్లించండి’ అని బిల్లు లాంటిది వస్తే కట్టకండి. కాగితం మీద రాసుకున్న రిజిస్ట్రార్ సైట్‌లోకి మీరే స్వయంగా వెళ్లి లాగిన్ అయి చూడండి. మెయిల్‌లో వచ్చిన లింక్ వాడొద్దు.

సరిగ్గా ఉందో లేదో ఇలా తేల్చుకోండి: రిజిస్ట్రార్ అకౌంట్‌లో ఓనర్‌గా మీ పేరు, మీరు రోజూ చూసే మెయిల్ ఐడీ ఉండాలి. ఆ మెయిల్ ఐడీ అదే డొమైన్ మీద ఉండకూడదు. డొమైన్ ఆగితే మెయిల్ ఆగుతుంది, మెయిల్ ఆగితే డొమైన్ రెన్యువల్ నోటీసే రాదు. లుకప్‌లో మీ పేరు బదులు ప్రైవసీ సర్వీస్ పేరు కనిపిస్తే అది మామూలే. చూడాల్సింది అకౌంట్ లోపల.

2. ‘అన్‌లిమిటెడ్’ అంటే ఎంతో చూసుకోండి

డిస్క్, బ్యాండ్‌విడ్త్ అన్‌లిమిటెడ్ అని రాస్తారు. రాయనివి వేరే ఉంటాయి: ఎన్ని ఫైళ్లు పెట్టుకోవచ్చు, ఎంత సీపీయూ, ఎంత మెమరీ, ఒకే క్షణంలో ఎన్ని రిక్వెస్టులు నడవొచ్చు. సైట్ ఆగేది వీటి దగ్గరే. ఒక సర్వర్ మీద వందల సైట్లు ఉన్నప్పుడు ఒక్కరే మొత్తం వాడేసుకోకుండా పెట్టిన కట్టడి అది. దాంట్లో మోసమేమీ లేదు, ముందే గట్టిగా చెప్పకపోవడమే తప్పు.

సీప్యానెల్‌లో కుడి పక్కన స్టాటిస్టిక్స్ అని ఒక పట్టీ ఉంటుంది. అందులో డిస్క్ యూసేజ్‌తో పాటు ఫైల్ యూసేజ్ లేదా ఐనోడ్స్ అనే లెక్క కనిపిస్తుంది. ప్రతి ఫైల్, ప్రతి ఫోల్డర్ ఒక్కో ఐనోడ్. మెయిల్ కూడా అదే అకౌంట్‌లో ఉంటే సాధారణంగా ప్రతి మెయిల్ ఒక ఫైల్‌గానే లెక్కలోకి వస్తుంది. డిస్క్ సగం కూడా నిండకుండానే ‘లిమిట్ దాటారు’ అని నోటీసు వచ్చిందంటే అసలు దోషి ఇదే అయ్యుంటుంది: ఏళ్ల తరబడి ఖాళీ చేయని ఇన్‌బాక్స్, క్యాష్ ప్లగిన్ (పేజీలని ముందే తయారుచేసి ఉంచే అదనపు ప్రోగ్రామ్) వదిలేసిన వేల చిన్న ఫైళ్లు.

అదే ప్యానెల్‌లో రిసోర్స్ యూసేజ్ అనే పేజీ ఉంటే తెరిచి గత వారం గ్రాఫ్ చూడండి. గ్రాఫ్ గీత తరచూ పైనున్న హద్దుని తాకుతుంటే చూసేవాళ్లకి 503, 508 ఎర్రర్లు వస్తుండొచ్చు. 508 పక్కన ‘రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్డ్’ అని ఉంటుంది. దానర్థం సర్వర్ పాడైందని కాదు, మీ వాటా అయిపోయిందని.

వెంటనే పెద్ద ప్లాన్‌కి పరిగెత్తకండి. క్యాష్ ప్లగిన్ ఉందా, బాట్లు (తమంతట తామే సైట్ల మీద తిరిగే ప్రోగ్రాములు) అదేపనిగా లాగిన్ పేజీని కొడుతున్నాయా, వాడని ప్లగిన్లు నడుస్తున్నాయా చూడండి. ఇవన్నీ సరిచేశాక కూడా గ్రాఫ్ పైనే ఉంటే అప్పుడు ప్లాన్ మార్చడంలో అర్థం ఉంది.

ఇక్కడే ఇంకో మాట. మొదటి బిల్లు ధర చూసి ఆనందపడొద్దు. రెన్యువల్ ధర ఎంతో నిబంధనల్లో వెతికి కాగితం మీద రాసుకోండి.

3. ‘సైట్ డౌన్’ అనే ముందు ఎవరికి డౌన్ అయిందో చూడండి

99.9% అప్‌టైమ్ (సైట్ నడిచే సమయం) అంటే సైట్ అసలు ఆగదని కాదు. 30 రోజుల నెలలో 43 నిమిషాలు ఆగినా మాట తప్పినట్టు కాదు, ఏడాదికి లెక్కేస్తే దాదాపు 8 గంటల 45 నిమిషాలు. ముందే చెప్పి చేసే మెయింటెనెన్స్ చాలాచోట్ల ఇందులో కలపరు. హద్దు దాటినా మీ వ్యాపార నష్టం ఇవ్వరు. మామూలుగా ఇచ్చేది తర్వాతి బిల్లులో కొంత తగ్గింపు, అదీ మీరు అడిగితేనే. కాబట్టి లెక్క మీ దగ్గర ఉండాలి. ఐదు నిమిషాలకోసారి సైట్‌ని పలకరించి, పలకకపోతే మీకు మెయిల్ పంపే ఉచిత మానిటరింగ్ సర్వీసులు ఉన్నాయి, ఒకటి పెట్టుకోండి.

అయితే ‘డౌన్’ అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నిటికి సర్వర్‌తో సంబంధమే ఉండదు. ఒక సంగతి విడమరిచి చెప్తాను, ఇది జరిగే తీరు తెలిస్తే మీకు బోలెడంత టెన్షన్ తగ్గుతుంది.

ఆఫీసులో ఎవరో మెయిల్ పాస్‌వర్డ్ మార్చారు. కంప్యూటర్‌లో కొత్త పాస్‌వర్డ్ పెట్టారు, ఫోన్‌లో మర్చిపోయారు. ఫోన్ ఊరుకోదు, కొన్ని నిమిషాలకోసారి పాత పాస్‌వర్డ్‌తో సర్వర్ తలుపు తడుతూనే ఉంటుంది. సర్వర్‌లోని ఫైర్‌వాల్‌కి (అనుమానం ఉన్న కనెక్షన్లని ఆపే కాపలా ప్రోగ్రామ్) అది దొంగ ప్రయత్నంలా కనిపిస్తుంది. ఆ ఐపీని (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ నంబర్) బ్లాక్ చేసేస్తుంది. ఫోన్, కంప్యూటర్లు అన్నీ ఒకే వైఫై మీద, అంటే ఒకే ఐపీ మీద ఉన్నాయి. దాంతో ఆ ఆఫీసులో ఎవరికీ సైట్ తెరుచుకోదు, మెయిల్ రాదు. బయట ప్రపంచం మొత్తానికి సైట్ శుభ్రంగా నడుస్తూనే ఉంటుంది. సపోర్ట్ వాళ్లు ‘మాకు బాగానే ఉంది’ అంటారు, మీకు ఒళ్లు మండుతుంది. ఇద్దరూ చెప్పేది నిజమే.

తేల్చుకునే పద్ధతి:

అ) ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాతో సైట్ తెరవండి. తెరుచుకుంటే సర్వర్ బాగానే ఉంది, మీ ఐపీ బ్లాక్ అయ్యుండొచ్చు.
ఆ) వైఫైలో ఉన్న కంప్యూటర్ నుంచి ‘నా ఐపీ ఏంటి’ అని సెర్చ్ చేసి వచ్చిన నంబర్ సపోర్ట్‌కి ఇచ్చి, ఫైర్‌వాల్‌లో ఉందేమో చూడమనండి.
ఇ) బ్లాక్ తీయించే ముందే ఇంట్లో, ఆఫీసులో ఉన్న ప్రతి ఫోన్‌లో మెయిల్ పాస్‌వర్డ్ సరిచేయండి. లేకపోతే అరగంటలో మళ్లీ మొదటికొస్తుంది.

రెండు కనెక్షన్లలోనూ తెరుచుకోకపోతే స్క్రీన్ మీద ఏం రాసుందో చూడండి. ‘సర్వర్ దొరకలేదు’, ‘డొమైన్ లేదు’ తరహా మాట ఉంటే డీఎన్ఎస్ లేదా డొమైన్ సమస్య, 1వ స్టెప్పుకి వెళ్లండి. 500 నంబర్ ఉంటే సర్వర్ పలుకుతోంది, మీ సైట్ కోడ్‌లోనో సెట్టింగుల్లోనో ఏదో విరిగి ఉండొచ్చు. చాలాసేపు తిరిగి తిరిగి ‘టైమ్డ్ అవుట్’ అంటే నిజంగానే సర్వర్ లేదా నెట్‌వర్క్ సమస్య కావచ్చు.

4. బ్యాకప్ మీ చేతికి తెచ్చుకోండి

‘రోజువారీ బ్యాకప్ ఉంటుంది’ అని ప్లాన్‌లో రాసి ఉంటుంది. నిబంధనల పేజీ తెరిచి బ్యాకప్ అనే మాట కోసం వెతకండి. చాలాచోట్ల అక్కడ కనిపించేది, ‘వీలైనంతవరకు ఉంచుతాం, హామీ లేదు, మీ కాపీ మీరే పెట్టుకోవాలి’ అన్న సారాంశమే. ఒక్కోచోట సైజు, ఐనోడ్లు ఫలానా హద్దు దాటితే ఆ అకౌంట్‌ని బ్యాకప్‌లోంచి తీసేస్తారు కూడా.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడి ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. కొందరు కస్టమర్ల సైట్‌తో పాటు బ్యాకప్ కూడా అక్కడే ఉండటంతో రెండూ పోయాయి. అంత పెద్ద ప్రమాదమే జరగక్కర్లేదు. బిల్లు కట్టడం ఆలస్యమై అకౌంట్ సస్పెండ్ అయితే చాలు, లోపలున్న బ్యాకప్‌ని మీరు తాకలేరు.

చేయాల్సింది:

అ) కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ పేజీకి వెళ్లి ఫుల్ బ్యాకప్ తీయండి. ఆ ఆప్షన్ లేకపోతే ఫైళ్లు వేరుగా, డేటాబేస్ వేరుగా దించుకోండి. ఫైళ్లు మాత్రమే దించుకుని డేటాబేస్ మర్చిపోవడం అందరూ చేసే పొరపాటు. వర్డ్‌ప్రెస్‌లో మీరు రాసిన ప్రతి అక్షరం డేటాబేస్‌లోనే ఉంటుంది, ఫైళ్లలో ఉండేది బొమ్మలు, థీమ్, ప్లగిన్లు.
ఆ) మెయిల్స్ ఆ సర్వర్ మీదే ఉంటే వాటిని కూడా బ్యాకప్‌లో చేర్చండి. సైట్ బ్యాకప్ ప్లగిన్లు మెయిల్స్‌ని ముట్టుకోవు.
ఇ) ఒక కాపీ మీ కంప్యూటర్‌లో, ఇంకోటి వేరే కంపెనీ క్లౌడ్ స్టోరేజ్‌లో పెట్టండి.
ఈ) సర్వర్ మీద తయారైన బ్యాకప్ ఫైల్‌ని దించుకున్నాక అక్కడి నుంచి తీసేయండి. పబ్లిక్ ఫోల్డర్‌లో వదిలేస్తే ఫైల్ పేరు ఊహించినవాళ్లెవరైనా మీ డేటాబేస్ మొత్తం దించుకోవచ్చు. ‘బ్యాకప్ డాట్ జిప్’ లాంటి పేర్లను వెతుకుతూ తిరగడమే పనిగా ఉన్న బాట్లు ఉన్నాయి.

ఇక అసలు పరీక్ష. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే. జిప్ ఫైల్‌ని మీ కంప్యూటర్‌లో విప్పండి. డేటాబేస్ ఫైల్ సైజు సున్నా కాకుండా ఉందా? దాన్ని నోట్‌ప్యాడ్ లాంటి దాంట్లో తెరిచి, మీరు ఈమధ్య రాసిన పోస్ట్‌లోంచి ఒక వాక్యం వెతకండి. దొరికిందా? ఫైల్ చివరి లైన్ మధ్యలో తెగిపోలేదు కదా? ఇవి బాగుంటే సగం నమ్మొచ్చు. పూర్తిగా నమ్మాలంటే ఒక సబ్‌డొమైన్ (మీ డొమైన్ ముందు ఇంకో మాట చేర్చిన చిరునామా) పెట్టి అక్కడ రీస్టోర్ చేసి చూడాలి. ఆ టెస్ట్ కాపీకి పాస్‌వర్డ్ పెట్టడం మర్చిపోవద్దు, పని అవ్వగానే తీసేయండి.

సైట్ రోజూ మారుతుంటే రోజూ, నెలకోసారి మారుతుంటే నెలకోసారి బ్యాకప్ తీస్తే చాలు. పాతవి కనీసం మూడు నాలుగు ఉంచండి. సైట్ హ్యాక్ అయిందని మీకు తెలిసేసరికి నిన్నటి బ్యాకప్‌లో కూడా ఆ చెత్త చేరిపోయి ఉంటుంది.

5. ఎస్ఎస్ఎల్: గడువు చూసుకుంటే చాలు

ఎస్ఎస్ఎల్ ఉంటే సైట్ హ్యాక్ కాదనుకుంటారు. అది చేసే పని ఒక్కటే, చూసేవాళ్ల బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవకుండా, మార్చకుండా చూడటం. పాత ప్లగిన్‌లో కన్నం ఉంటే ఎస్ఎస్ఎల్ ఏమీ చేయలేదు. మోసం చేసే సైట్లకీ ఎస్ఎస్ఎల్ ఉంటుంది. అడ్రస్ బార్‌లోని తాళం గుర్తు చూసి జనం తప్పుగా భరోసా పడుతున్నారనే 2023లో క్రోమ్ ఆ గుర్తునే తీసేసింది.

మామూలు సైట్‌కి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఇచ్చే ఉచిత సర్టిఫికెట్ సరిపోతుంది. ‘డబ్బు కట్టినదే గట్టిది’ అనేది అపోహ, ఎన్‌క్రిప్షన్‌లో తేడా ఉండదు. దాని గడువు 90 రోజులు, ప్యానెల్ తనంతట తానే రెన్యువల్ చేస్తుంది. అడ్రస్ బార్ పక్కనున్న గుర్తు నొక్కి సర్టిఫికెట్ గడువు తేదీ చూడండి. పది రోజుల్లోపు ఉందంటే రెన్యువల్ ఎక్కడో ఆగిందన్నమాట. చాలాసార్లు కారణం, డొమైన్ గానీ దాని సబ్‌డొమైన్ ఒకటి గానీ ఇంకా పాత సర్వర్ వైపు చూపిస్తుండటం.

6. మెయిల్ స్పామ్‌లో పడుతుంటే

‘మీ సర్వర్ నుంచి పంపితే స్పామ్‌లోకి పోతోంది’ అని హోస్టింగ్ వాళ్లని తిట్టే ముందు ఒక పరీక్ష చేయండి. మీ డొమైన్ మెయిల్ నుంచి ఒక జీమెయిల్ అకౌంట్‌కి మెయిల్ పంపండి. కంప్యూటర్‌లో ఆ మెయిల్ తెరిచి, కుడివైపు మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు లైన్లు వస్తాయి. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందా అని తేల్చే పరీక్షలు అవి. మూడిటికీ ‘పాస్’ ఉండాలి. ‘ఫెయిల్’ ఉన్నా, అసలు లైనే లేకపోయినా సరిచేయాల్సింది మీ డీఎన్ఎస్‌లో. సీప్యానెల్‌లో అయితే ‘ఈమెయిల్ డెలివరబిలిటీ’ పేజీలో ఏ రికార్డ్ పెట్టాలో చూపిస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉంటున్నాయి.

తరచూ కనిపించే పొరపాట్లు రెండు. ఒకటి, ఒకే డొమైన్‌కి రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు పెట్టడం. పాతదాని పక్కన కొత్తది పెడితే రెండూ చెల్లవు, ఒకే లైన్‌లో కలిపి రాయాలి.

రెండోది కాంటాక్ట్ ఫారమ్. ఎవరో తన జీమెయిల్ ఐడీ ఇచ్చి ఫారమ్ నింపుతారు. మీ ఫారమ్ ఆ ఐడీనే ‘ఫ్రమ్’గా పెట్టి మీ సర్వర్ నుంచి మెయిల్ పంపుతుంది. జీమెయిల్ పేరుతో ఊరూపేరూ లేని సర్వర్ నుంచి మెయిల్ వస్తే అవతలివాళ్లు అనుమానించరా? ఫారమ్ సెట్టింగుల్లో ‘ఫ్రమ్’ దగ్గర మీ డొమైన్ ఐడీ, ‘రిప్లై టు’ దగ్గర నింపినవాళ్ల ఐడీ పెట్టండి. ‘ఫారమ్ పనిచేయట్లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇదే.

ఇక ఒకేసారి వేలమందికి న్యూస్‌లెటర్ పంపాలంటే షేర్డ్ హోస్టింగ్ వాడకండి. గంటకు ఇన్నే మెయిల్స్ అని హద్దు ఉంటుంది, దాటితే అకౌంట్ ఆపేస్తారు. దానికోసమే ఉన్న సర్వీసులు వేరే ఉన్నాయి.

7. స్లోగా ఉంటే తప్పు ఎవరిదో తేల్చే చిన్న పరీక్ష

నోట్‌ప్యాడ్‌లో ‘టెస్ట్’ అని ఒక్క మాట రాసి, టెక్స్ట్ ఫైల్‌గా సేవ్ చేసి, సైట్ మెయిన్ ఫోల్డర్‌లో అప్‌లోడ్ చేయండి. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ముందు ఆ ఫైల్‌ని, తర్వాత మీ హోమ్ పేజీని లోడ్ చేయండి. మొదటి లైన్ మీద నొక్కితే టైమింగ్‌లో ‘వెయిటింగ్ ఫర్ సర్వర్ రెస్పాన్స్’ అని కనిపిస్తుంది. రెండూ పోల్చండి.

టెక్స్ట్ ఫైల్ చిటికెలో వచ్చి హోమ్ పేజీకి రెండు మూడు సెకన్లు పడుతుంటే సర్వర్, నెట్‌వర్క్ బాగానే ఉన్నాయి. మీ ప్లగిన్లు, థీమ్, డేటాబేస్ చూడండి. లేదా 2వ స్టెప్పులో చెప్పిన హద్దులను తాకుతున్నారేమో చూడండి. టెక్స్ట్ ఫైల్ కూడా ఈడుస్తుంటే సర్వర్ మీద భారం, లేదా సర్వర్ మీ చదువరులకి చాలా దూరంలో ఉంది. అప్పుడు సీడీఎన్ (సైట్ కాపీలని చదువరులకి దగ్గరి సర్వర్లలో ఉంచే సర్వీస్) పెట్టుకోవడమో దగ్గరి డేటా సెంటర్‌కి మారడమో చేయాలి. రెండిటికీ రెస్పాన్స్ వెంటనే వచ్చినా పేజీ మెల్లగా నిండుతుంటే బొమ్మల సైజు చూడండి. కెమెరాలోంచి తీసినట్టే అప్‌లోడ్ చేసిన ఫోటోలని ఏ సర్వరూ కాపాడలేదు. మొదటి రెస్పాన్స్‌కి గూగుల్ చెప్పే మంచి కొలత 0.8 సెకన్లలోపు. పరీక్ష అయ్యాక టెక్స్ట్ ఫైల్ తీసేయండి.

పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ లాంటివి రాసిన ప్రోగ్రామింగ్ భాష) వెర్షన్ కూడా ఓసారి చూడండి. 7.4కి 2022 నవంబర్‌లోనే సెక్యూరిటీ సపోర్ట్ ఆగిపోయింది, ఇంకా దానిమీదే నడుస్తున్న సైట్లు కనిపిస్తూనే ఉన్నాయి. మార్చే ముందు బ్యాకప్, మార్చాక సైట్‌లో నాలుగైదు పేజీలు, ఫారమ్ తెరిచి చూడటం తప్పనిసరి. తేడా వస్తే ప్యానెల్‌లోనే వెనక్కి మార్చుకోవచ్చు.

‘వీపీఎస్‌కి మారితే అన్నీ సర్దుకుంటాయి’ అనే సలహా విన్నారా? అన్‌మేనేజ్డ్ వీపీఎస్ అయితే అప్‌డేట్లు, ఫైర్‌వాల్, మెయిల్, బ్యాకప్ అన్నీ మీ నెత్తినే. ఆ పని చేసే మనిషి మీ దగ్గర లేకపోతే ఆ వైపు వెళ్లకండి.

8. హోస్టింగ్ మార్చాలంటే ఈ వరసలోనే

హోస్టింగ్ మార్చడానికి డొమైన్‌ని ట్రాన్స్‌ఫర్ చేయనక్కర్లేదు. డొమైన్ ఎక్కడుందో అక్కడే ఉంచి, అది ఏ సర్వర్‌ని చూపించాలో మారిస్తే చాలు. పైగా కొత్తగా కొన్న డొమైన్‌ని 60 రోజుల వరకు సాధారణంగా ట్రాన్స్‌ఫర్ చేయలేరు కూడా.

అ) రెండు రోజుల ముందు డీఎన్ఎస్‌లో ఎ రికార్డ్ (సైట్ ఏ ఐపీలో ఉందో చెప్పేది) టీటీఎల్‌ని (ఆ జవాబుని ఎంతసేపు గుర్తుపెట్టుకోవచ్చో చెప్పే లెక్క) 300 సెకన్లకు తగ్గించండి.
ఆ) డీఎన్ఎస్ రికార్డులన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసుకోండి. తర్వాత వీటికోసమే వెతుక్కుంటారు.
ఇ) ఫైళ్లు, డేటాబేస్ కొత్త సర్వర్‌కి కాపీ చేయండి.
ఈ) డొమైన్ మార్చకుండానే కొత్త సర్వర్‌లో సైట్ చూడండి. కొత్త కంపెనీ ఇచ్చే ప్రివ్యూ లింక్‌తో గానీ, మీ కంప్యూటర్‌లోని హోస్ట్స్ ఫైల్‌లో (డీఎన్ఎస్‌ని అడగకుండా ఏ పేరుకి ఏ ఐపీయో చెప్పే ఫైల్) ఒక లైన్ కలిపి గానీ చూడొచ్చు. హోస్ట్స్ ఫైల్ మారిస్తే పని అయ్యాక ఆ లైన్ తప్పక తీసేయండి. లేకపోతే ఆర్నెల్ల తర్వాత అందరికీ ఒక సైట్, మీకొక్కరికే ఇంకో సైట్ కనిపిస్తుంది.
ఉ) ఎ రికార్డ్ మాత్రమే కొత్త ఐపీకి మార్చండి. మెయిల్ వేరేచోట ఉంటే నేమ్‌సర్వర్లు ముట్టుకోవద్దు. నేమ్‌సర్వర్లు మారిస్తే పాతచోట ఉన్న రికార్డులేవీ వెంట రావు, ఎంఎక్స్ రికార్డ్ కూడా. మార్చగానే మెయిల్స్ ఆగిపోయేది ఇందుకే. మార్చక తప్పకపోతే స్క్రీన్‌షాట్లలో ఉన్నవన్నీ ముందే కొత్తచోట పెట్టి, తర్వాత మార్చండి.
ఊ) పాత హోస్టింగ్‌ని కనీసం రెండు వారాలు ఉంచండి. ముందు రద్దు చేసి తర్వాత కాపీ చేద్దామనుకుంటే కాపీ చేయడానికి ఏమీ మిగలదు.

‘48 గంటలు ఆగండి’ అని ఎందుకంటారంటే, డాట్ కామ్ డొమైన్ల నేమ్‌సర్వర్ సమాచారానికి టీటీఎల్ 172800 సెకన్లు, అంటే సరిగ్గా 48 గంటలు. పాత జవాబుని అంతసేపు గుర్తుపెట్టుకునే హక్కు ప్రపంచంలోని సర్వర్లకి ఉంది. ఎ రికార్డ్ ఒక్కటే మార్చి, టీటీఎల్ ముందే తగ్గించి ఉంటే చాలామందికి నిమిషాల్లోనే మారిపోతుంది.

9. సపోర్ట్‌కి ఇలా రాయండి

సర్వర్, నెట్‌వర్క్, కంట్రోల్ ప్యానెల్ వాళ్ల పని. ప్లగిన్, థీమ్, మీ కోడ్ మీ పని, ప్లాన్‌లో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప. ‘సైట్ పనిచేయట్లేదు, అర్జెంట్’ అని రాస్తే వచ్చే మొదటి జవాబు ‘ఏ సైట్? ఏ ఎర్రర్?’ అనే ఉంటుంది. ఒక రోజు అలా పోతుంది. ఇలా రాసి చూడండి:

‘మా డొమైన్ ఫలానా. ఈరోజు ఉదయం 10:20 నుంచి హోమ్ పేజీ 500 ఎర్రర్ ఇస్తోంది. వైఫైలోనూ మొబైల్ డేటాలోనూ అంతే. పరీక్ష కోసం ఇప్పుడే అప్‌లోడ్ చేసిన టెక్స్ట్ ఫైల్ మాత్రం తెరుచుకుంటోంది. నిన్న రాత్రి ఒక ప్లగిన్ అప్‌డేట్ చేశాం, దాన్ని ఆపి చూసినా తేడా లేదు. నా ఐపీ ఫలానా. స్క్రీన్‌షాట్ జత చేశాను. ఆ సమయానికి ఎర్రర్ లాగ్‌లో ఏముందో ఆ లైన్లు పంపగలరా?’

పాస్‌వర్డ్‌లు టికెట్‌లో (సపోర్ట్‌కి పెట్టే ఫిర్యాదు) రాయొద్దు. ఒకే సమస్యకి చాట్‌లో, మెయిల్‌లో, టికెట్‌లో మూడుసార్లు అడగొద్దు. కొన్నిచోట్ల కొత్త మెసేజ్ పెట్టిన ప్రతిసారీ మీ టికెట్ వరసలో వెనక్కి పోతుంది. ‘మీ కోడ్‌లోనే సమస్య’ అని జవాబు వస్తే వాదించకుండా ఆ ఎర్రర్ లాగ్ లైన్లు మాత్రం రాబట్టండి. అందులో ఏ ఫైల్, ఎన్నో లైన్ అని ఉంటుంది. డెవలపర్‌కి కావాల్సింది అదే.